తిరస్కారాల ఆదివారం

"వచ్చిందా?" అని ఆత్రంగా అడిగారు పళ్ళ డాక్టరుగారు.

"వచ్చిందండీ" అన్నాడు పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. "మీ రచనలో మెరుపుంది, కానీ మాకు సరిపడదు అన్నారు."

గదిలో చప్పట్లు మోగాయి.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారి ఆస్పత్రికి సెలవు. పేషెంట్లు కూర్చునే గదిలో ఆ పూట నలుగురు రచయితలు కూర్చుంటారు. గోడ మీద పుచ్చిపన్ను బొమ్మ, దాని కింద టీ ఫ్లాస్కు. నవల అచ్చు కావాలంటే ముందు దాన్ని ప్రచురణకర్తల దగ్గరికి చేర్చే ఏజెంటు ఒప్పుకోవాలి. ఏజెంటు ఒప్పుకోవాలంటే కథంతా ఒక్క పేజీలో చెప్పి ఉత్తరం పంపాలి. నచ్చితే నవల అడుగుతారు. నచ్చకపోతే మహా మర్యాదగా పొమ్మంటారు. ఆ మర్యాదను తట్టుకోవడానికే ఈ సంఘం పుట్టింది.

"మెరుపుందంటూనే వద్దన్నాడంటే వాడి కళ్ళు జిగేలుమన్నాయన్నమాట" అన్నారు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకు సున్నాలు వేయడానికి పిల్లలు దొరక్క ఏజెంట్లకు వేస్తున్నారు.

ఎవరికి తిరస్కారం వస్తే ఆ వారం వాళ్ళదే రాజ్యం. మొదటి కప్పు టీ వాళ్ళకే. వాళ్ళకొచ్చిన మెయిలును ఇంకొకరు ఏజెంటు గొంతుతో, ముక్కుతో మాట్లాడుతూ చదవాలి. మిగతావాళ్ళు కడుపారా తిట్టాలి.

సంఘానికి నిబంధనలు రెండే. ఒకరి నవల ఒకరు చదవకూడదు. చదివితే ప్రభావం పడిపోతుందట! ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్నదాని మీద గంటసేపు కొట్లాడుకునే ఆ నలుగురూ ఈ నిబంధనను మాత్రం కిక్కురుమనకుండా ఒప్పేసుకున్నారు. రెండోది, ఎవరి నవలనైనా ఏజెంటు అడిగితే వాళ్ళు సంఘం నుంచి తప్పుకోవాలి. గెలిచినవాళ్ళు పక్కన కూర్చుంటే ఓడినవాళ్ళకు టీ గొంతు దిగదు కదా. ఈ రెండో నిబంధనకు ఏళ్ళ తరబడి పని పడలేదు. రచయితల ప్రతిభ అలాంటిది.

ఈ ఆదివారం పని పడింది.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడ లోపలికొచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుంది. పొద్దున వచ్చిన మెయిలు ఫోనులో ఉంది. ఆమెకు ఏడుపు తన్నుకొస్తోంది. సంతోషంతో మాత్రం కాదు.

ఇంట్లో భర్త టీవీతో తప్ప మాట్లాడడు. షాపులో ఆమె మొహం చూసేవాళ్ళలో సగంమంది కళ్ళజోడు తీసి చూస్తారు. "నీ నవల ఎంతవరకొచ్చిందమ్మా" అని అడిగే మనుషులు ఆమెకు ఈ లోకంలో ఈ ముగ్గురే. ఈ గది పోతే తనకింకెవరూ లేరు. అందుకే మెయిలు సంగతి దాచేద్దామనుకుంది.

"మొహం చూస్తేనే తెలుస్తోంది, నీకూ వచ్చిందన్నమాట! ఇలా ఇవ్వమ్మా" అంటూ డాక్టరుగారు చేతిలోంచి ఫోను తీసేసుకున్నారు. ముక్కు పట్టుకుని మొదలుపెట్టారు. "మీ కథ మమ్మల్ని కట్టిపడేసింది. నవల మొత్తం వెంటనే పంపగలరు..."

చివరికొచ్చేసరికి ముక్కు వదిలేశారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ, "అందరూ కొంచెం నవ్వండి" అన్నాడు. అందరూ కొంచెమే నవ్వారు.

"చాలా సంతోషం అమ్మాయ్" అన్నారు మాస్టారు, వియ్యంకుడి కొత్త కారును మెచ్చుకుంటున్నట్టు. "వెళ్ళేటప్పుడు నీ టీ కప్పు మరిచిపోకు."

"ఎప్పుడు పంపుతున్నావమ్మా? రేపేనా?" అన్నారు డాక్టరుగారు.

"పంపలేనండీ."

"ఇంకా దిద్దాలా? నవల అంటే అంతేనమ్మా. నా మూడో అధ్యాయం చూడు, ఎన్నిసార్లు చెక్కినా తెమలదు."

"నా హీరోయిన్ కూడా అంతే అక్కా. ఎంత రాసినా పెళ్ళికి ఒప్పుకోదు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఇక ఆమె వల్ల కాలేదు.

"దిద్దడానికి నవలంటూ ఉంటే కదండీ!" అంది. "ఒక్క అధ్యాయం కూడా రాయలేదు నేను. రాసింది ఆ ఒక్క పేజీ ఉత్తరమే. మొదట్లో రాద్దామనే వచ్చాను, ఒట్టు. కానీ ఏజెంట్లు వద్దన్నప్పుడల్లా మీరు నా తరఫున తిడుతుంటే ప్రాణం లేచొచ్చేది. నాకోసం పుట్టింటివాళ్ళు కూడా అంత పోట్లాడలేదు. ఆ తిట్ల కోసమే ఉత్తరాలు పంపుతూ వచ్చాను. అచ్చమైన రచయితల మధ్య దొంగలా కూర్చున్నాను. క్షమించండి, ఇక రాను."

ఆమె కళ్ళు తుడుచుకుని, హ్యాండుబ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. ఒక్కరైనా ఆపుతారేమోనని చూసింది. ఆ ముగ్గురూ ఆమెవైపు చూడకుండా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆమె సిగ్గుతో తలుపు వైపు తిరిగింది.

డాక్టరుగారు లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టారు. ఇక చీవాట్లు తప్పవనుకుని ఆమె తల దించుకుంది.

మాస్టారు గొంతు సవరించుకుని, చాలా నీరసంగా అన్నారు.

"నువ్వొక్కదానివైనా నిజంగా రాస్తున్నావనుకుని, నీకు తోడుండాలనే కదమ్మాయ్, మేం ముగ్గురం ఇన్నాళ్ళూ రాస్తున్నట్టు నటించింది!"