పద్నాలుగు గోలీలు

"మందు పనిచేయలేదా, అసలు మందే వేసుకోలేదా? ఆ ఒక్కటి కనుక్కో నిస్సీ. ఏ ఇంజక్షన్ ఇవ్వాలన్నది దాన్నిబట్టే" అంది డాక్టరమ్మ, భాగ్య కడుపు మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.

భాగ్యకు ఎనిమిదో నెల. నూట మూడు జ్వరం. మంచం ఊగేంత వణుకు. పావుగంటకోసారి పొట్ట గట్టిపడుతోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని వారం కిందట ఇదే దవాఖానాలో గోలీలు రాసిచ్చారు. తగ్గకపోగా అది కిడ్నీకి ఎక్కింది. నొప్పులు ఆగకపోతే బిడ్డ నెల ముందే బయటపడుతుంది.

నర్సు నిస్సి వరండాలోకి వచ్చింది. భాగ్య మొగుడు పరమేశ్ ఫోన్‌లో అరుస్తున్నాడు.

"ఏం గోలీలిచ్చినవ్ ఫైజాన్ భాయ్? సున్నం బిళ్లలా? నా పెండ్లానికేమన్నా అయితే నీ మెడికల్ షాపు ఉండది, చెప్తున్న!"

"అన్నా, ఫోన్ పెట్టు. గోలీల షీట్లేవి?"

అతను జేబులోంచి తీశాడు. రెండు షీట్లు, ఒక్కోదానికి ఏడు. పొద్దునొకటి, రాత్రొకటి, ఏడు రోజులు. అన్నీ ఖాళీ.

"దినాం నువ్వే ఇచ్చినవా?"

"నేను డ్యూటీకి పోత గద సిస్టర్. అంత మా అమ్మనే చూస్తది."

నిస్సి బెంచీ వైపు తిరిగింది. అక్కడ సిద్దమ్మ. "కడుపుతోనున్న పిల్లకు గిన్ని ఇంగ్లీషు గోలీలా? వేడి చెయ్యదా?" అని వారం కిందట ఇక్కడే గొడవ పెట్టుకున్న అత్తగారు.

"పెద్దమ్మా, కోడలు గోలీలు సక్కగ ఏసుకున్నదా?"

సిద్దమ్మ ముఖం మాడింది. "జరాగు బిడ్డా" అంటూ లేచి, పొత్తికడుపు అదిమిపట్టుకుని బాత్రూం వైపు నడిచింది. వచ్చిన గంటలో ఇది నాలుగోసారి.

మంచి ఉపాయమే! ప్రశ్న ఎదురైతే బాత్రూం. ఇక అనుమానం లేదు, పారేసింది ఈమే.

నిస్సి లోపలికొచ్చి భాగ్య చెవి దగ్గర వంగింది. "మీ అత్తకు భయపడకు. గోలీలు పారేసింది గదా? నీ బిడ్డ కోసమన్నా నిజం చెప్పు."

"మా అత్తమ్మనేమనకుండ్రి సిస్టర్." భాగ్య పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఒక్క గోలీ గూడ పారెయ్యలే. మూడో దినానికే నాకు మంట తగ్గింది. అందుకే..."

అంతలో మళ్లీ పొట్ట గట్టిపడి, మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది.

పరీక్షకు మూత్రం పట్టే చిన్న డబ్బా తీసుకుని నిస్సి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో సిద్దమ్మ. కొడుకు వినకుండా తలుపు దగ్గరికి వేసి, చెయ్యి చాపింది.

"గసొంటి డబ్బా నాకూ ఒకటియ్యి బిడ్డా. కొడుక్కు చెప్పుకునే మంట గాదాయె. మూడో దినం సంది పొద్దటి గోలీ కోడలిది... రాత్రి గోలీలన్నీ మింగింది నేనే."