తొమ్మిది రూపాయల గాలి

తాలూకా కచేరీలో పంకా లాగే సోములుకి సర్కారువారు నెలకి తొమ్మిది రూపాయలు ఇస్తున్నారట.

ఈ ముక్కని సింహాద్రమ్మ మాకవరపాలెం సంత నుంచి వంకాయలతో పాటు మోసుకొచ్చి, పొరుగింటి తలుపులమ్మ చెవిలో వేసింది. "నాకెందుకు గానీ" అని మొదలెట్టి మరీ చెప్పిందట.

తలుపులమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. ఆమె మొగుడు జోగులు కూడా అదే కచేరీలో అదే తాడు వంతు వేసుకుని లాగుతాడు. ఇంటికి తెచ్చేది ఆరు.

మరి ఆ మూడూ ఏ గుమ్మం ఎక్కుతున్నట్టు?

కచేరీ వరండాలో ఉన్న సోములుకి ఈ సంగతేమీ తెలియదు. వంతు మారే వేళ దాటిపోయినా జోగులు జాడ లేదు. అరచేతులు మండిపోతున్నాయి.

మన్యం పితూరీ సద్దుమణిగిన ఏడాది అది. పోలీసు పటాలాలు వెళ్ళిపోయాయి గానీ నర్సీపట్నం ఎండ ఎక్కడికీ పోలేదు. గోడ కన్నంలోంచి వచ్చిన తాడుని ఇవతల వీళ్ళు లాగితే, అవతల హాల్లో పంకా ఊగి హెడ్డు గుమాస్తా భానుమూర్తిగారికి గాలి తగులుతుంది. ఉగాదికి దొరికి, తొలకరి చినుకు పడగానే ఊడిపోయే ఉద్యోగం.

అయినా సర్కారుది.

ఎవరో ముసలాయన మెట్ల మీద నీడ పట్టున కూర్చుని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు.

"ఎంతిత్తారు బాబూ ఈ పనికి?"

"తొమ్మిది," అన్నాడు సోములు. ఈమధ్య చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది.

"ఏడాది పొడుగునానా?"

సోములు వినపడనట్టు చెమట తుడుచుకున్నాడు.

"సేతులు బొబ్బలెక్కినట్టున్నాయి. కాసేపు నాను పట్టుకుంతాను, నీళ్ళు తాగి రా."

"ఇది ఎడ్లని అదిలించడం కాదు తాతా. మెల్లిగా లాగితే తిట్లు, బేగి లాగితే కాయితాలెగిరిపోతాయి."

"నువ్వు సెప్పినట్టే బాబూ."

ముసలాయన వెల్లకిలా పడుకుని, తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, మోకాలు ఆడించడం మొదలెట్టాడు.

సోములు నీళ్ళు తాగి వచ్చేసరికి లోపలి నుంచి భానుమూర్తిగారి గొంతు వినిపించింది.

"ఇవాళేమిట్రా సోములూ, గాలి ఇంత హాయిగా ఉంది?"

"లాగీది ఎవరనుకున్నారండీ," అన్నాడు సోములు దర్జాగా.

ఆ తర్వాత లోపలి నుంచి గురక.

అప్పుడొచ్చింది తలుపులమ్మ. ఒక చంకలో మూట, ఇంకో చేతిలో మొగుడి కండువా కొస. కండువా వెనక జోగులు.

ఆమె నోరు తెరిచేలోగా సోములు పెదవి మీద వేలు పెట్టాడు.

"అప్పా, గుమాస్తాగారు తొంగున్నారు. లేపీసేవంటే బావకీ నాకూ ఒక్కపాలే కొలువు ఊడిపోద్ది."

తలుపులమ్మ పుట్టి బుద్ధెరిగాక గుసగుసగా దెబ్బలాడటం అదే మొదలు.

"నీ జీతమెంతరా?"

"సెప్పరా సోములూ," అన్నాడు జోగులు. "నా మాట నమ్మదు. మూట కట్టీసింది. కొయ్యూరు పుట్టింటికి పోతానంటన్నాది."

"మూడు రూపాయలు ఏ రంకుదానికి పెడతన్నాడో తేలితే గానీ మూట దించను."

సోములు కళ్ళ ముందు కొండలమ్మ మెదిలింది. మాకవరపాలెం సంతలో, ఉల్లిపాయలవాణ్ణి ఏడిపించి ఏడిపించి బేరమాడుతుంటే చూశాడు. ఆ రోజే మనసు పడ్డాడు. ఆరు రూపాయలవాడికి, అందులోనూ ఎండాకాలపు ఉద్యోగానికి, పిల్లనెవరిస్తారని మధ్యవర్తి చేత తొమ్మిదని చెప్పించాడు. అవతలివాళ్ళు ఊఁ అనబోతున్నారు.

ఇప్పుడు ఆరంటే, సాయంత్రానికి సింహాద్రమ్మకి, వచ్చే సంతకి మాకవరపాలేనికి చేరుతుంది.

తొమ్మిదంటే జోగులు కాపురం కొయ్యూరు బండెక్కుతుంది.

ఈ కొలువులో చేర్పించిందీ, తన గంజిలో సగం పోసిందీ జోగులే.

"ఆరే అప్పా," అన్నాడు సోములు నేల చూస్తూ. "బావకెంతో నాకూ అంతే. తొమ్మిదన్నది సంబంధం కోసం నానాడిన అబద్ధం."

తలుపులమ్మ అతని వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. ఉన్నట్టుండి పైట చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

"ఓలమ్మోలమ్మ. నీ పెళ్ళికి నా కొంపలో పొయ్యి ఆర్పీబోయావు కదరా తమ్ముడా."

జోగులు ఊపిరి తీసుకుని గోడకి చేరగిలబడ్డాడు. "కండువా ఇంకన్నా వొగ్గే," అన్నాడు.

ఆమె వరండాలోనే మూట విప్పింది. పుట్టింటికని కట్టుకున్న కాల్చిన జీడిపప్పు తలా గుప్పెడు పెట్టింది. ముసలాయన చేతిలోనూ పోసింది. పంకా ఊగుతూనే ఉంది. లోపల గురక సాగుతూనే ఉంది.

"సింహాద్రమ్మకి నాను సెప్పన్లేరా," అంది.

"నానూ అనను," అన్నాడు జోగులు.

సోములు ముసలాయన వైపు తిరిగాడు.

"తాతా, నువ్వు కూడా ఎక్కడా అనకు. పిల్లని కన్న బాబు మత్స్యలింగంగారట, మా గట్టి మనిషట. ఆయన సెవిని పడిందంటే నాకింక పెళ్ళి లేదు."

ముసలాయన జీడిపప్పు నములుతున్నాడు. మోకాలు మాత్రం ఆగలేదు.

"మత్స్యలింగాన్ని నానే. నీ వయసులో ఈ తాడే లాగి, పిల్ల తల్లికి పది రూపాయలని సెప్పుకున్నాను. లగ్గం పెట్టుకుందుం గానీ, మా ఆడదాని ముందు మాత్రం తొమ్మిదికి తగ్గకు."