జలతారు గూటిలో కొత్త గుర్తు

"జలతారూ! ఒసే జలతారూ! ఏమిటే ఇది?" ఉడుత గోరింట కొమ్మ మీదే బిగుసుకుపోయింది.

సాలీడు జలతారు గూడంటే ఆ తోటకే అందం. నడిమధ్యన తెల్లటి ఇంటూ గుర్తు, వెన్నెలను దారంగా తీసి కుట్టినట్టు మెరిసేది. దాన్ని దూరం నుంచే చూసి పిట్టలు పక్కకి తప్పుకునేవి. ఈ పొద్దున ఆ గుర్తు లేదు. దాని బదులు ఓ మూలగా చిన్న వంకర గీత ఉంది. గూడంతా ఒక పక్కకి ఒరిగింది.

"కొత్త ఫ్యాషన్ అక్కా," అంది జలతారు, ఆకు చాటు నుంచి బయటికి రాకుండానే.

"ఫ్యాషనా! కోడి కెలికినట్టుంది."

"నీకేం తెలుసే? ఎన్నాళ్ళని అదే గుర్తు చూస్తాం? నాకైతే భలే నచ్చింది," అంది ఊసరవెల్లి, అప్పటికే రంగు మార్చుకుంటూ.

అంతలో పికిలిపిట్ట రివ్వున వచ్చింది. ఆఖరి క్షణంలో గూటిని చూసి, రెక్కలు కొట్టుకుంటూ పక్క కొమ్మ మీద పడింది. గూటి అంచున దారం ఒకటి పుటుక్కున తెగింది.

"గుర్తు ఏదే? నా పిల్లలకి మేత తెచ్చే దారి ఇదే! రేపటికల్లా పాతది వెయ్యి. లేకపోతే ఈసారి నీకు గూడే మిగలదు!"

జలతారు మెల్లగా బయటికి వచ్చింది. అన్నీ నోళ్ళు తెరిచాయి. ఎడమ పక్క దానికి రెండు కాళ్ళు లేవు.

"ఫ్యాషనూ లేదు, ఏమీ లేదు పిన్నీ," అంది. "కందిరీగ పట్టుకుంటే, కాళ్ళు వదిలేసి బయటపడ్డాను. పాత గుర్తే వెయ్యాలని ఎంతో కుస్తీ పడ్డాను. నాకిక అది చేతకాదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది."