మంచె మీది గొంతు

చేలకు మందులు కొట్టడం మానేశాక పిట్టలు తిరిగొచ్చాయి గానీ మంచెలు తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రతి జొన్నచేను మీదా డ్రోనే తిరుగుతూ కేకలేస్తుంది. అక్షిత చేలో మాత్రం అది ఆమె గొంతుతోనే అరుస్తుంది. పదహారేళ్లప్పుడు మంచెక్కి రాళ్లు విసిరే ఒడిసెల తిప్పుతూ ఆమె పెట్టిన కేకను అన్న ఫోనులో పట్టి ఉంచాడు. నలభై అయిదేళ్ల తర్వాత కూడా ఆ కేక వినపడితే ఆమె మోకాళ్ల నొప్పి మరిచిపోయేది.

ఈ ఏడు చిలకలు డ్రోను కిందే కూర్చుని కంకులు ఒలుస్తున్నాయి.

"నీ కేకకు అలవాటు పడ్డయి పెద్దమ్మా," అంది డ్రోను బాగోగులు చూడటానికొచ్చిన మెకానిక్ రిహానా. "అది తీసెయ్యకుంటే గింజ దక్కది. డేగ అరుపు పెట్టాల్నా?"

"నా చేన్ల డేగెందుకే? నేనే మల్ల అరుస్త."

"ఈ వయసులనా? దగ్గొస్తది!"

పాత కేకను ఆపించి అక్షిత గట్టు మీద నిలబడింది. గుండె నిండా గాలి పీల్చి అరిచింది. బొంగురుపోయి పగిలిన గొంతు చేనంతా పాకింది. చిలకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"అబ్బ, పెద్దమ్మా!" రిహానా చప్పట్లు కొట్టింది.

అక్షిత నవ్వలేదు. ఆ గొంతును తానూ ఇప్పుడే మొదటిసారి విన్నది.