తలుపు గుర్తుపట్టిన ముఖం

మా ఫ్యాక్టరీ తలుపు ముఖం చూసి తెరుచుకుంటుంది. చేరిన రోజు నేను దట్టంగా పౌడరు పూసుకుని ఫొటో దిగాను. అప్పట్నుంచీ అదే పౌడరు లేకపోతే దానికి నేనెవరో తెలియదు.

ఇవాళ ఆ డబ్బా అయిపోయింది, ఆ రకం ఇప్పుడు రావడం లేదట. ఎదురు ఫ్యాన్సీ షాపు అమ్మాయిని సరుకుతో సహా తలుపు దగ్గరికే లాక్కొచ్చాను.

గులాబీ రంగు అద్దింది.

"మీరెవరు?" అంది తలుపు.

గంధం రంగు అద్దింది.

"మీరెవరు?"

"ఇక నావల్ల కాదక్కా," అని విసుక్కుంటూ ఆఖరి డబ్బాలోది మెత్తింది.

"నమస్కారం, మేనేజరుగారూ!" తలుపు బార్లా తెరుచుకుంది.

"అయ్యో, తుడిచేస్తానుండక్కా!"

"చెయ్యి తియ్యి! ఈ రకం ఇంకా ఉందా?"

"ఒక్కటే ఉంది. మీ మేనేజరమ్మగారికని షాపులో పక్కన పెట్టాను."

"నాకోసమేగా పెట్టావు, ఇటు తే."