జవాబుకి కూలి

“అంత గట్టిగా నిట్టూర్చకమ్మాయ్. నాటకంలా ఉంటుంది,” అంది మేస్త్రి పిన్ని.

మేడ మీది గదిలో కొత్తగా అద్దెకు దిగిన ఆమె నిట్టూర్పును సగంలోనే మింగేసింది. చుట్టూ కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. పిన్ని చేతిలో కూరగాయలు తరిగే చెక్క ఉంది. ఈ సాయంత్రానికి అదే ట్యాబు, పిన్నే సర్వే చేసే అమ్మాయి. అసలు సర్వేవాళ్లు రేపు పొద్దున వస్తారు. ఈ పరీక్ష నెగ్గితే కొత్తామెకు వాళ్ల ముందు కుర్చీ దొరుకుతుంది, కూలి దొరుకుతుంది. నెగ్గకపోతే అద్దె కట్టలేక గది ఖాళీ చేసి పోవాల్సిందే. ఆ సంగతి పిన్ని గడపలో అడుగు పెడుతూనే ఆమే చెప్పేసింది.

బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ వీధికి పని రాలేదు గాని పరిశోధన వచ్చింది. పేదరికం మీద ఒక గుంపు, ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా ఎంతో కొలిచే గుంపు ఇంకొకటి, పోయిన ఉద్యోగాలు ఎటు పోయాయో వెతికే గుంపు మరొకటి. గిన్నెలు తోముకోనివ్వరు, కునుకు తీయనివ్వరు. నిన్న ఏం తిన్నారు, మొన్న ఏం తిన్నారు, తిననప్పుడు ఎలా అనిపించింది. అంతా అయ్యాక చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్టు.

ఫ్యాక్టరీలో కుట్టు లైనంతటినీ నడిపించిన పిన్నికి ఒకరోజు ఒళ్లు మండింది. అడిగేవాళ్లకి జీతమూ చెప్పేవాళ్లకి బిస్కెట్టూనా అంది. అంతే, వీధి వీధంతా నోటికి తాళం వేసుకుంది. ఏమడిగినా ఆకాశం వైపు చూడటమే. సర్వేవాళ్లు కూడా తలెత్తి పైన ఏముందా అని చూసి, బిక్కమొహాలతో వెళ్లిపోయారు. వారం తిరక్కుండా వాళ్ల పెద్దాఫీసు దిగొచ్చింది. అప్పటినుంచి గంటకింతని జవాబుకి కూలి. దానికో సంఘం. సంఘానికి ఒకటే కట్టుబాటు, అబద్ధం ఆడకూడదు. ఉన్న లేమి చాలక కొత్తది కల్పించాలా అని పిన్ని వాదన.

పిన్ని గొంతు సన్నగా చేసుకుని, చెక్కలోకి చూస్తూ అడిగింది. “గత వారంలో కనీసం ఒక గంటైనా డబ్బు కోసం పని చేశారా?”

కొత్తామె నోరు తెరవబోయింది. పిన్ని చెక్క అడ్డం పెట్టింది.

“ఆగు. ఇది గొయ్యి. మా క్రేను బాబాయి ఇందులోనే పడ్డాడు.”

మూల కూర్చున్న బాబాయి మీసం సవరించుకున్నాడు. క్రేను నడిపే పని పోయి చాలా కాలమైంది. పోయినేడు ఇదే ప్రశ్నకు, ఎవరిదో ఫ్రిజ్జు మేడ మీదికి మోశాను, గంట పట్టింది అని నిజం చెప్పాడు. లెక్కల్లో ఉద్యోగస్తుడైపోయాడు. వీధి ఊరుకుంటుందా? గుడ్డ పీలికలతో టై కుట్టి మెడలో వేసింది. పెళ్లాం రోజూ పొద్దున్నే, ఆఫీసుకు టైమవుతోంది లేవండి అని దుప్పటి లాగేది. పాపం లేచి, టై కట్టుకుని, అరుగు మీద కూర్చునేవాడు. దారినపోయే ప్రతివాడూ ప్రమోషన్ ఎప్పుడని అడిగేవాడు.

కొత్తామె పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అందరూ నవ్వాపినా ఆమె ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

“మరి అబద్ధం ఆడకుండా ఎలా చెబుతావు?” అంది పిన్ని.

“చేశానండి. కిందింటివాళ్ల కిటికీలు తుడిచాను. దాన్ని ఉద్యోగం అంటారా, అయితే మార్చుకుందాం. నేను మీ కుర్చీలో కూర్చుంటా, మీరొచ్చి కిటికీలు తుడవండి.”

గది దద్దరిల్లింది. ఎవరో బెంచీ మీంచి జారి కింద పడ్డారు. పిన్ని చెక్కతో నెత్తి కొట్టుకుంటూ నవ్వింది. ఇన్నేళ్లలో ఇంత సూటి జవాబు తనకే తట్టలేదని ఒప్పుకుంది.

బాబాయి మాత్రం నవ్వలేదు. “మేస్త్రమ్మా, మరీ బాగా చెబుతోంది. పెద్దాఫీసు పంపిన మనిషేమో చూసుకో. మన సంఘాన్ని లోపల్నుంచి విరగ్గొట్టడానికి.”

పిన్ని ఆమె అరచేతులు తిప్పి చూసింది. సబ్బు నీళ్లకు ఒరుసుకుపోయి, పచ్చి బొబ్బలు.

“ఆఫీసు జీతం తినే చేతులు కావివి,” అని తేల్చేసింది. మళ్లీ చెక్క ఎత్తింది. “ఆఖరి ప్రశ్న. ఇది చెబితే కుర్చీ నీదే. ఇంతకుముందు ఏం పని చేసేవారు, అదెలా పోయింది?”

“ఆఫీసు పనే పిన్నీ. ఇప్పుడది కంప్యూటరే చేసుకుంటోంది. మా గది గదంతటినీ ఒకే రోజు ఇంటికి పంపించారు.”

“ఆఫీసు పనంటే? టైపింగా, లెక్కలా? సంఘంలో దాపరికం కుదరదు.”

ఆమె బాబాయి వైపు చూసింది. తల దించుకుంది.

“ఈ ప్రశ్నలు రాసేదాన్ని.”