జానెడు గీత

గీత కారు ఎడమవైపు వెనక తలుపు మీద ఉంది. జానెడు పొడవు, వెంట్రుకంత సన్నం.

అశోక్ బకెట్ కింద పెట్టి, తడివేలితో రుద్దాడు. పోలేదు. చొక్కా అంచుతో తుడిచాడు. ఇంకా బాగా కనిపించింది.

కారు కొని నెల కూడా కాలేదు. నిగనిగలాడే నల్లకారు. ఆదోనిలో ఆ సందుకంతా కొత్త కారు అదొక్కటే. పాలవాడు సైకిల్ ఆపి మరీ చూసిపోయేవాడు. కాలేజీలో పాఠాలు చెప్పే రఘురామ్ సారు దాన్ని ముచ్చటపడి కొన్నాడు గానీ, నడపడం మాత్రం రాదు. అందుకే అశోక్‌ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. అతను చేరి పదకొండు రోజులు.

అంతకు ముందు నాలుగేళ్లు పత్తిమిల్లులో పనిచేశాడు. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. మళ్లీ మిల్లు గడప తొక్కితే నా దగ్గరికి రావద్దని డాక్టరు ముఖానే చెప్పాడు. ఈ ఉద్యోగం పోతే మాత్రం ఆ గడపే గతి. దగ్గు లేకుండా నిద్రపోతున్నావని భార్య ప్రేమలత నిన్ననే సంబరపడింది.

నిన్న సారునూ, వాళ్లమ్మ రమాబాయినీ పత్తికొండకు పెళ్లికి తీసుకుపోయాడు. పెళ్లికొచ్చినవాళ్లు పెళ్లికొడుకును వదిలేసి కారు చుట్టూ మూగారు. తిరిగొచ్చేటప్పుడు టమేటా ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుని, ఎలాగో బయటపడ్డారు. గీత అక్కడే పడి ఉండాలి. ఇంకెక్కడ పడుతుంది?

ఇవాళ ఇంటిల్లిపాదీ చుట్టాలతో కలిసి వ్యానులో మంత్రాలయం పోయారు. సాయంత్రానికి వస్తారు.

అశోక్‌కు తెలిసిన మెత్తని వస్తువు ప్రపంచంలో ఒక్కటే, దూది. మిల్లు రోజుల నాటి వేస్టు దూది ఇంత తీసుకుని, కారు కడగడం కూడా మరిచి, తలుపంతా గుండ్రంగా రుద్దాడు. గట్టిగా రుద్దాడు. ఎండ గోడ దాటి తలుపు మీద పడింది. గీత అక్కడే ఉంది. దాని చుట్టూ సాలెగూడులా, సున్నాలు చుట్టినట్టు వందల సన్నటి గీతలు లేచాయి.

ఎమ్మిగనూరులో కార్లకు రంగులేసే షెడ్డులో పనిచేసే విజయ్‌కి ఫోన్ చేశాడు. ఇద్దరిదీ నందవరమే.

"దుమ్ము మీద పొడి దూదితో రుద్దినావా? ఇసుక కాయితంతో రుద్దినట్లేరా అది! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటివి."

"అన్నా, తిట్టేది మళ్లీ తిడుదువు గానీ, దారి సెప్పన్నా."

"గీత మీద గోరు పెట్టి లాగి సూడు. తగులుకుంటాందా?"

"లేదన్నా. జారిపోతాంది."

"ఐతే బతికిపోయినావు. పై పొరకే పడింది. పాలిషు మందు, మెత్తగుడ్డ బస్సు డ్రైవరు సేతికిచ్చి పంపుతా. శనగగింజంత మందు, జానెడు సోటు, నిలువుగా రుద్దు. ఎక్కువ రుద్దితే పొర లేసిపోతాది. అప్పుడు దేవుడు గూడా ఏం సేయలేడు."

బస్టాండులో అశోక్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చెప్పిన టీ చల్లారిపోయింది. మొదటి బస్సులో పొట్లం రాలేదు. రెండోదాంట్లోనూ రాలేదు. మూడో బస్సు డ్రైవరు కిటికీలోంచి విసిరిన పొట్లాన్ని గాల్లోనే పట్టుకుని పరుగు తీశాడు.

కారును సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగాడు. నీడలోకి తోశాడు. శనగగింజంత మందు తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. నాలుగుసార్లు రుద్దడం, తుడవడం, సెల్లు లైటు వేసి చూడడం. పొర లేచిందేమోనని భయం. లేవకపోతే గీత పోదేమోనని ఇంకో భయం. నీడ జరిగినప్పుడల్లా కారునూ జరిపాడు. అన్నం క్యారియరు మూత తీయలేదు. వీధిలో ఏ బండి హారన్ మోగినా వ్యానే వచ్చిందనుకుని గేటు దాకా ఉరికాడు.

రెండు గంటలకు సారు ఫోన్ చేశాడు.

"బండి కడిగినావా అశోక్?"

"కడుగుతాండా సార్."

"పొద్దున్నుంచీనా!"

నాలుగయ్యేసరికి భుజం లేవడం మానేసింది. కానీ సున్నాలు మాయమయ్యాయి. గీత కూడా మాయమైంది. మోకాళ్ల మీద కూర్చుని తలుపులోకి చూశాడు. చెమట కారుతున్న తన ముఖం తప్ప అందులో ఏమీ లేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో మళ్లీ ఫోన్. "పెద్దతుంబళం దాటినాం. గేటు తీసి పెట్టు."

వ్యాను దిగుతూనే సారు కళ్లు పెద్దవి చేశాడు. "బలే మెరుస్తాందే! షోరూములో గూడా ఇట్ల లేదప్పా," అని అశోక్ వీపు తట్టి లోపలికి పోయాడు.

అశోక్‌కు అప్పుడు ఊపిరి ఆడింది. ఆడి ఆడకముందే మళ్లీ ఆగింది. రమాబాయి ప్రసాదం సంచి గట్టు మీద పెట్టి, తిన్నగా ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి పోయింది. వంగింది. వేళ్లతో తడిమింది. ఆమె ముఖం మాడిపోయింది.

ఈమె ముందే చూసేసింది! అశోక్ చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందవ్వా. గీత యాడ పడిందో నాకు తెలీదు. పొద్దున్నుంచీ రుద్ది తీసేసినా. సారుకు మాత్రం సెప్పొద్దు. మళ్లా మిల్లుకు పోతే సచ్చిపోతాను."

"పూర్తిగా పోయిందా?"

"ఆనవాలు గూడా లేదవ్వా. సూడు."

రమాబాయి వరండా వైపు ఒకసారి చూసింది. కొడుకు కనబడలేదు.

"ఊరి కళ్లన్నీ దీని మీదే పడుతున్నాయని, పిల్లోడి బుగ్గన చుక్క పెట్టినట్ల దిష్టికి నేను గీసిన గీతప్పా అది," అని గొణుగుతూ ఆమె గాజుకున్న పిన్నీసు విప్పి, మెరిసే తలుపు మీదికి వంగింది.